బీర్భూం జిల్లా: హంటర్ చరిత్ర, తారాశంకర్ ఉపకథ

జిల్లా చరిత్రలను మన విద్యార్థులు తిరగేస్తారు గాని చదవరు. ఒక తేదీ కోసమో, ఒక కులం జనసంఖ్య కోసమో బీరువాలోంచి తీసి, పని కాగానే పెట్టేస్తారు. వాటికీ ఒక రచయిత ఉంటాడనీ, అతనికి ఒక దృష్టి, ఒక వాక్యశైలి, కొన్ని ఇష్టాయిష్టాలు ఉంటాయనీ గుర్తించడం తక్కువ. అందుకే ఈ వ్యాసంలో ఒక జిల్లా చరిత్రను సాహిత్య గ్రంథంగా చదివి, అదే జిల్లాపై వచ్చిన నవలల పక్కన పెట్టి చూడదలచాను. జిల్లా బెంగాల్‌లోని బీర్భూం. చరిత్ర విలియం విల్సన్ హంటర్ 1868లో ప్రకటించిన 'ఆనల్స్ ఆఫ్ రూరల్ బెంగాల్'. నవలలు తారాశంకర్ బందోపాధ్యాయవి, ముఖ్యంగా 'హాఁసులీ బాఁకేర్ ఉపకథా'.

బీర్భూం మన తీరప్రాంత బెంగాల్ ఊహకు అందేది కాదు. దక్షిణాన అజయ్ నది బర్ధమాన్‌నుంచి దీన్ని వేరు చేస్తుంది. నడుమ మయూరాక్షి పారుతుంది. పడమట సంతాల్ పరగణాల వైపు పోతుంటే నేల ఎర్రబడి, గరుసెక్కి, మిట్టలు మొదలవుతాయి, తూర్పున వరిపొలాలు. జిల్లా కేంద్రం సూరీ. బోల్పూర్ పక్కనే శాంతినికేతనం ఉంది కాబట్టి చాలామందికి ఈ జిల్లా అంటే రవీంద్రుడే. అజయ్ ఒడ్డున కేందులీలో మకర సంక్రాంతికి జయదేవుని పేర బావుల్ గాయకుల మేళా జరుగుతుంది. (జయదేవుడు తమ కేందులీ శాసనం వాడని ఒరియావారి వాదం. బరంపురం విద్యార్థులకు ఈ తగవు నేను చెప్పనక్కరలేదు. మన భజనగోష్ఠులు మాత్రం ఊరు అడక్కుండానే అష్టపదులు పాడుకుంటూ వచ్చాయి.)

జిల్లా పేరులోనే ఒక వివాదం ఉంది. సంస్కృతం తెలిసినవారు దీన్ని వీరభూమి అన్నారు. సంతాలీ భాషలో 'బీర్' అంటే అడవి. ఆ లెక్కన ఇది అడవినేల. ఏది సరైన వ్యుత్పత్తి అనేది భాషాశాస్త్రజ్ఞుల పని. ఒకే పేరు, చెప్పేవారి భాషనుబట్టి, రాజుల చరిత్రగానో అడవి చరిత్రగానో మారిపోవడం మాత్రం మనకు కావలసిన సంగతి. హంటర్, తారాశంకర్‌ల మధ్య ఉన్న దూరం కూడా ఇంచుమించు ఇలాంటిదే.

హంటర్ 1862లో ఇండియాకు వచ్చేనాటికి ఇరవైరెండేళ్ళ యువకుడు. బీర్భూంలో చిన్న అధికారిగా పనిచేస్తూ, కచేరీలో ఎవరూ ముట్టని పాత కాగితాల కట్టలు చూశాడు. కంపెనీ పాలన తొలినాళ్ళ కలెక్టర్లు పైవారికి రాసిన ఉత్తరాలు, లెక్కలు, విన్నపాలు అవి. అంతవరకు బెంగాల్ చరిత్ర అంటే గవర్నర్ల చరిత్ర: క్లైవ్, హేస్టింగ్స్, యుద్ధాలు, కౌన్సిల్ తగాదాలు. ఈ కాగితాల్లో కనిపించేది మరొకటి: ఊళ్ళు పాడుపడటం, పన్ను రాకపోవడం, ఏనుగులు పొలాల్లో పడటం, దొంగల గుంపులు. చరిత్రకారుడు పల్లెవైపు చూడాలన్న ఊహ ఆనాటి ఇంగ్లీషు అధికారికి రావడం సామాన్యం కాదు. ఆ గౌరవం హంటర్‌కు ఇచ్చితీరాలి.

1770 కరువును గురించిన అధ్యాయమే పుస్తకానికి ప్రాణం. బెంగాలీ శకం 1176లో వచ్చింది కనుక బెంగాలీలు దాన్ని 'ఛియాత్తరేర్ మన్వంతర్', అంటే డెబ్భై ఆరు నాటి మన్వంతరం అంటారు. 1769లో వానలు ఎగగొట్టాయి, పంట పోయింది. కంపెనీ పన్నులో నూటికి ఐదు వంతులు కూడా తగ్గించలేదనీ, పైపెచ్చు మరుసటి ఏటికి నూటికి పది పెంచిందనీ హంటర్ లెక్క కట్టి చూపాడు. బెంగాల్ జనంలో మూడోవంతు, అంటే కోటిమంది, పోయారని అతని అంచనా. రజత్ దత్తా వంటి తరువాతి చరిత్రకారులు ఈ అంకె ఎక్కువన్నారు. కరువు ప్రాంతాన్నిబట్టి తీవ్రంగానూ తేలికగానూ ఉన్నదని చూపారు. అయినా బీర్భూం పడమటి భాగం తీవ్రంగా దెబ్బతిన్నదనడంలో సందేహం లేదు. కరువుకు ముందు సుమారు 6,000 సాగు గ్రామాలుంటే, తరువాత మిగిలినవి 4,500 అని హంటర్ కాగితాలు చెబుతున్నాయి. మిగతావి అడవి అయిపోయాయి.

ఈ అధ్యాయం సాహిత్యంలోకి కూడా ప్రవేశించింది. బంకించంద్రుడి 'ఆనందమఠం' 1882లో పుస్తకంగా వచ్చింది. కథకు నేపథ్యం ఈ కరువే, దాని చిత్రణకు ఆధారం హంటరే. తరువాతి ముద్రణలకు చేర్చిన అనుబంధంలో బంకించంద్రుడు హంటర్ గ్రంథభాగాన్ని పేర్కొన్నాడు కూడా. ఆ నవల తెలుగులోకి త్వరగానే వచ్చింది. అంటే వందేమాతరం కాలంలో మన తాతలు కంటతడితో చదువుకున్న కరువు దృశ్యాలలో సూరీ కచేరీ కాగితాల జాడ ఉన్నదన్నమాట. పరిపాలనా పత్రం నవలగా, నవల ఉద్యమంగా మారిన ఉదాహరణ ఇంతకంటే స్పష్టమైనది మరొకటి దొరకడం కష్టం.

ఇంత మేలు చేసిన పుస్తకంతో పేచీ ఏమిటి? దాన్ని మొదటినుంచి చివరిదాకా క్రియాపదాలమీద దృష్టిపెట్టి చదవండి. పల్లె జనానికి ఏ క్రియలు ఇచ్చాడు? చస్తారు, పారిపోతారు, దోచుకుంటారు, దోపిడీకి గురవుతారు. ఆలోచించేది, నిర్ణయించేది, పశ్చాత్తాపపడేది ఒక్క ప్రభుత్వమే. 1789 వేసవిలో ఇలాంబజార్‌ను దొంగలు పట్టపగలు కొల్లగొట్టిన వృత్తాంతం హంటర్ చాలా ఉత్కంఠగా చెబుతాడు. జిల్లా కలెక్టర్ కీటింగ్ పడిన అవస్థ మన కళ్ళకు కడతాడు. ఆ దొంగలెవరు? కరువులో నేల పోగొట్టుకున్న రైతులా, జీతాలు తప్పిన పాత రాజుల సైనికులా, కొండజనమా? ఈ మూడూ అని ఒకచోట అంటాడు, కాని ఒక్కరి ముఖమూ మనకు కనపడదు. ఇది గ్రామీణుల చరిత్ర కాదు, గ్రామీణుల మూలంగా ఒక కచేరీకి పట్టిన చెమట చరిత్ర.

అతనికి స్థానికుల మాట తెలియక కాదు. బీర్భూం, విష్ణుపూర్ రాజవంశాల వృత్తాంతాలను పండితులచేత రాయించి తెప్పించుకున్నాడు. వాటిని పుస్తకం చివర అనుబంధాలలో పెట్టాడు! మన వైపు ఇందుకు భిన్నమైన మాదిరి ఒకటి అప్పటికే ఉంది. హంటర్‌కు అరవయ్యేళ్ళ ముందే కర్నల్ మెకంజీకోసం కావలి సోదరులు, వారి అనుచరులు ఊరూరా తిరిగి కరణాల దండకవిలెలనుంచి కైఫీయత్తులు రాయించారు. దత్తమండలాల కైఫీయత్తులు చూసినవారికి తెలుసు, అక్కడ ఊరే కర్త. ఎవరు అడవి కొట్టారు, ఎవరు చెరువు తవ్వించారు, ఏ దేవర ఎందుకు వెలిసింది అనేదే అసలు గ్రంథం. కైఫీయత్తులను ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. అవీ కరణంగారి నోటిమాటే, మాలపల్లె మాట కాదు. కాని ఊరి వృత్తాంతాన్ని గ్రంథంగా చూడటానికీ అనుబంధంగా చూడటానికీ ఉన్న భేదం చిన్నది కాదు.

సంతాలుల అధ్యాయంలో ఈ లోపం మరింత తేటపడుతుంది. బల్లపరుపు నేలమీది 'ఆర్యులు', మిట్టమీది 'ఆదిమజాతులు' అని జిల్లాను రెండు జాతులుగా కోయడం ఆ కాలపు జాతిసిద్ధాంతాల ఫలం. ఈనాడు దాన్ని ఎవరూ పట్టించుకోరు. అయినా ఆ అధ్యాయంలో ప్రేమ ఉంది. సంతాలీ భాషను శ్రద్ధగా గమనించాడు. 1855 తిరుగుబాటుకు వడ్డీవ్యాపారులే కారణమనీ, తప్పుడు తూకాలతో, తీరని అప్పులతో సంతాలులను తరతరాల బానిసలను చేశారనీ, కచేరీలకు పోతే వినేనాథుడు లేకపోయాడనీ నిర్మొహమాటంగా రాశాడు. ఒక ప్రభుత్వోద్యోగి ఇలా రాయడం సాహసమే.

కాని 1855 జూన్ 30న భగనాడీహిలో వేలమంది సంతాలులను పోగుచేసిన సిద్ధూ, కాన్హూ సోదరులు తమకు ఠాకూర్ సాక్షాత్కరించి ఆజ్ఞ ఇచ్చాడన్నారు. వారు చెప్పుకున్న కారణం అది. హంటర్ దృష్టిలో అది అమాయకుల భ్రమ; అసలు కారణం ఆర్థికం, అసలు పాఠం పాలకులకు. రణజిత్ గుహ 1983లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ పద్ధతినే తప్పుపట్టాడు. తిరుగుబాటుకు కారణాలు వెదికే సానుభూతిపరుడు కూడా తిరగబడినవాడి సంకల్పాన్ని తుడిచివేస్తాడనీ, అతని చరిత్రను ప్రభుత్వ చరిత్రలో ఒక పేజీగా కలిపేస్తాడనీ గుహ వాదం. హంటర్‌ను ఒకసారి చదివి, గుహను చదివి, మళ్ళీ హంటర్‌ను చదివితే రెండోసారి పుస్తకం వేరుగా కనిపిస్తుంది. విద్యార్థులు ఈ ప్రయోగం చేసి చూడాలి.

తిరుగుబాటు అణచాక ప్రభుత్వం బీర్భూంనుంచి పడమటి భాగాన్నీ, భాగల్పూర్‌నుంచి మరికొంతనూ విడదీసి సంతాల్ పరగణాలు అనే కొత్త జిల్లా చేసింది. అంతకుముందు విష్ణుపూర్‌ను 1787లో బీర్భూంతో కలిపి, 1793లో మళ్ళీ విడదీశారు. జిల్లా అనేది ఎప్పటికీ ఉన్నదిలా మనకు తోస్తుంది గాని, అది గీతలు గీసి చేసిన వస్తువు. 1936లో గంజాం మద్రాసునుంచి ఒరిస్సాకు మారినప్పుడు, 1953లో బళ్ళారి మైసూరుకు పోయినప్పుడు ఇళ్ళలో ఏ భాష మాట్లాడుతున్నామో ఆ భాషే మాట్లాడుతూ, తెల్లవారేసరికి మరో రాష్ట్రపు అల్పసంఖ్యాకులైనవారి మనుమలు ఈ పత్రిక పాఠకుల్లో ఉన్నారు. గీతకు ఇటు పడిన సంతాలు, అటు పడిన సంతాలు వారికి కొత్త మనుషులు కారు.

ఇక నవలలకు వద్దాం. తెలుగు పాఠకుడికి బెంగాలీ పల్లె అంటే శరత్ పల్లె. చక్రపాణి వంటి అనువాదకుల పుణ్యమా అని పార్వతి, రమ మన వీధివారే అయ్యారు. ఆ పల్లెలో బాధంతా కుటుంబంలోదీ కులాచారంలోదీ. పొలం, ఏరు, అప్పుపత్రం, సర్వే గొలుసు ముందుకు రావు. అవి ముందుకు వచ్చేది తారాశంకర్‌లో. ఆయన 1898లో బీర్భూంలోని లాభ్‌పూర్‌లో చితికిపోతున్న జమీందారీ ఇంట పుట్టాడు. జాతీయోద్యమంలో జైలుకు వెళ్ళాడు. 'గణదేవత'కు 1966 సంవత్సరపు జ్ఞానపీఠం వచ్చింది. 1971లో మరణించాడు.

'గణదేవత'లో మన చర్చకు పనికివచ్చే ఘట్టం ఒకటుంది. ఊరికి సెటిల్‌మెంట్ సర్వే వస్తుంది. హంటర్‌కు ఇష్టమైన పని, లెక్కలు పోగుచేయడం. సర్వే కానూంగో బడిపంతులు దేబూ ఘోష్‌ను 'తుయీ' అని పిలుస్తాడు. మనలో 'ఒరే' అన్నట్టు. దేబూ తిరిగి అదే మాటతో జవాబిస్తాడు. ఆ పౌరుషం పెరిగి పెరిగి అతన్ని జైలుకు చేరుస్తుంది. సెటిల్‌మెంట్ నివేదికలో ఈ సంబోధన కనిపించదు. కొలతలు కనిపిస్తాయి. కొలిచినవాడు కొలవబడినవాణ్ణి ఏమని పిలిచాడో నవలాకారుడే రాసుకోవాలి.

అయితే తారాశంకర్ గొప్పతనం పూర్తిగా తెలిసేది 1947లో పుస్తకంగా వచ్చిన 'హాఁసులీ బాఁకేర్ ఉపకథా'లోనే అని నా అభిప్రాయం. పేరు దగ్గరే తెలుగువాడు పొరబడే ప్రమాదం ఉంది. మనకు ఉపకథ అంటే పెద్దకథలో ఇమిడిన చిన్నకథ, భారతంలో నలోపాఖ్యానంలాగా. బెంగాలీలో ఉపకథ అంటే జనం నోట నడిచే పుక్కిటి కథ. చరిత్రకు ఎదురుగా నిలిచే మాట అది. హాఁసులీ అంటే మెడకు పెట్టుకునే కంటె. కోపాయ్ ఏరు కంటెలా వంపు తిరిగినచోట వెదురుపొదల నడుమ బాఁశ్‌బాదీ అనే పల్లె, అందులో కహార్లు. కహార్లంటే పల్లకీ మోసే బోయీలు. నీలిమందు దొరల కాలంలో ఆ దొరల పనికి చేరినవారు. దొరలు పోయారు, పల్లకీలూ పోయాయి. ఇప్పుడు పక్క ఊరి ఆసాముల పొలాల్లో పాలేర్లు.

కథ ఒక ఈలతో మొదలవుతుంది. రాత్రిళ్ళు పొదల్లోంచి ఎవరో ఈల వేస్తున్నట్టు చప్పుడు. బిల్వవృక్షంలో ఉండే కర్తాబాబా కోపగించాడని పల్లె వణికిపోతుంది. కరాలీ అనే యువకుడు పొదకు నిప్పుపెట్టి, ఆ ఈల పెద్ద రక్తపింజరిదని బయటపెట్టి, దాన్ని చంపుతాడు. కులపెద్ద బన్వారీకి అది దేవుడి వాహనం. కరాలీకి అది పాము. తరువాతి వందల పేజీలూ ఈ ఒక్క తగవే: పల్లెలో ఉండి ఆసామికి దండంపెడుతూ బతకడమా, చన్నన్‌పూర్ రైల్వే కార్ఖానాకు పోయి కూలిడబ్బులతో తలెత్తుకు బతకడమా? యుద్ధం వస్తుంది, సైన్యానికి వెదురు కావాలి, పొదలు నరికిపోతారు. వరద వస్తుంది, ఇసుక మేట వేస్తుంది. బన్వారీ పోతాడు, పల్లె కార్ఖానా కూలీలై చెదిరిపోతుంది.

ఈ కథంతా గుర్తుపెట్టుకున్నది సుచాఁద్ అనే ముసలిది. చెవులు సరిగా వినపడవు, నోరు పెద్దది. నీలిదొర ఏ వరదలో కొట్టుకుపోయాడు, చౌదరీల ఇంటికి ఆ సొమ్ము ఎలా చేరింది, కహార్లకు ఏ పాపం తగిలింది, అన్నీ ఆమెకే తెలుసు. హంటర్ బీరువాకు బదులు ఇక్కడ సుచాఁద్ ఉంది. ఆమె కథలో తేదీలు లేవు. నీలిమందు సాగు కుప్పకూలడం లేదు, భూమిపన్ను చట్టం లేదు. కాని ప్రతి సంఘటనకు కర్త ఉన్నాడు: కర్తాబాబానో, దొరో, తన తాతో. ఆమె కథలో కహార్లు ఏదో ఒకటి చేస్తూనే ఉంటారు. తారాశంకర్ ఆమె మాటలను వెక్కిరించడు, నిజమని ఒప్పుకోడు కూడా. పక్కనే ఉండి, ఇది ఉపకథ, అది ఇతిహాసం అని గుర్తుచేస్తూ రెండింటినీ నడుపుతాడు. కొన్నిచోట్ల ఈ గుర్తుచేయడం శ్రుతిమించిన మాట కూడా నిజమే.

తారాశంకర్‌ను ప్రశ్నించకుండా వదలకూడదు. ఆయన కన్ను జమీందారు బిడ్డ కన్ను. బన్వారీ ఓటమిని వర్ణించేటప్పుడు ఆయన గొంతు పూడుకుపోతుంది. కరాలీ గెలుపు దగ్గర ఆ తడి లేదు. కార్ఖానాలో కరాలీ రోజు ఎలా గడుస్తుందో, తోటికూలీలు ఎవరో, మనకు పల్లె గట్టుమీదినుంచి చూసినంతే కనపడుతుంది. మన 'మాలపల్లి'లో ఉన్నవ వారు రామదాసు కుటుంబాన్ని ఎంత ఎత్తుకు తీసుకుపోయారంటే మాలపేట మురికి కొంత వెనక్కు పోయింది. తారాశంకర్ ఆ ఆదర్శీకరణ చేయలేదు. కల్లు, వ్యభిచారం, దెబ్బలాటలు అన్నీ ఉన్నాయి. కాని పాత కట్టుబాటు కూలడం ఆయనకు సొంత ఇల్లు కూలినట్టే ఉంది. చివర కరాలీ తిరిగివచ్చి ఇసుకమేట తవ్వి అడుగున మట్టికోసం వెదికే దృశ్యంలో రచయిత తన పక్షపాతాన్ని తానే సరిదిద్దుకున్నాడని కొందరంటారు. నాకు అది సవరణ కంటే కోరికలాగే అనిపించింది.

తెలుగులోకి ఈ నవలను తేవడంలో అసలు చిక్కు కహార్ల భాష. రాఢ ప్రాంతపు పలుకుబడి అది, కలకత్తా బెంగాలీ కాదు. దాన్ని గోదావరి జిల్లాల శిష్టవ్యావహారికంలోకి దింపితే సుచాఁద్ పంతులమ్మ అయిపోతుంది. హొసూరు పక్కన, కోలారులో, బళ్ళారిలో, పర్లాకిమిడిలో ఇళ్ళల్లో పలికే తెలుగు ఇలాంటి పనికి ఎక్కువ పనికివస్తుందని నా నమ్మకం. ఆ తెలుగును తప్పుల తెలుగు అనుకునే మన విద్యార్థులు ఈ నవలలో ఒక్క అధ్యాయమైనా దానిలోకి మార్చి చూడాలని కోరిక.

సంతాలుల దగ్గరికి మళ్ళీ రావాలి. 1940 నాటి 'కాళిందీ' నవలలో ఏటి నడుమ కొత్తగా లంక తేలుతుంది. లంక ఎవరిదని జమీందార్లు కొట్లాడుకుంటూ ఉండగా సంతాలులు వచ్చి పొదలు నరికి, నేల చదును చేసి పంట పండిస్తారు. చివరకు చక్కెర మిల్లు పెట్టే వ్యాపారి పాలై వారే వెళ్ళిపోవలసి వస్తుంది. 1855ను హంటర్ కారణాల జాబితాగా చెబితే, ఈ నవలలో అది సంతాలులకు ఒక మనిషి జ్ఞాపకం: తమ పక్షాన నిలిచిన ఎర్రని ఠాకూర్, అతని పోలికలతో ఉన్న మనుమడు. జమీందారీ వంశానికి ఆ తిరుగుబాటులో గౌరవస్థానం ఇవ్వడం కొంత స్వవంశాభిమానమే అనుకోవచ్చు. అయినా నేల చదును చేసినవాడు నేలమీద మిగలడన్న సంగతి ఆయన తప్పించుకోలేదు. 2021–22లో ఇదే జిల్లాలో దేవచా-పచామీ బొగ్గు గని ప్రతిపాదన వచ్చినప్పుడు సంతాల్ గ్రామాలలో రేగిన నిరసనల వార్తలు చదువుతుంటే నాకు ఆ లంకే గుర్తుకువచ్చింది.

'కాళిందీ'లో సంతాలులు విరిగిన బెంగాలీ మాట్లాడతారు. జమీందారుతో మాట్లాడేటప్పుడు వారు అలాగే మాట్లాడి ఉంటారు. తమలో తాము మాట్లాడుకునేటప్పుడు ఏమన్నారో నవలలో లేదు, హంటర్‌లో లేదు. హంటర్ పుస్తకం వెలువడిన మూడేళ్ళకు, 1871లో, కొలియాన్ అనే వృద్ధ సంతాల్ గురువు తమ పూర్వుల వలసలు, పండుగలు, తిరుగుబాటు నాటి సంగతులు తన భాషలో చెబుతుంటే స్క్రెఫ్స్‌రుడ్ అనే నార్వే మిషనరీ రాసుకున్నాడు. 1887లో అది సంతాలీలోనే అచ్చయింది. బీర్భూం గురించి చదవదలచినవారు హంటర్ తరువాత, తారాశంకర్ తరువాత, అనువాదంలోనైనా సరే, దాని దగ్గరికి పోవాలి.